మీకు తెలుసా? మాది, మనది, మీదే ఆలస్యం

‘మాది రుషికొండ’ అని ఎవరైనా అంటే, ఆ కొండ ఆయన పేర రిజిస్టరై ఉందని ఏ తెలుగువాడూ అనుకోడు. ‘మీదే ఊరు?’ అన్న ప్రశ్నకు అది జవాబు, అంతే. ఇంగ్లీషువాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చావని అడుగుతారు, మనం ఏ ఊరు మీదని అడుగుతాం. వినడానికి ఊరు మనిషి సొత్తన్నట్టు ఉంటుంది గానీ అక్కడ జరిగేది తలకిందుల వ్యవహారం. ఊరే మనిషిని వదలదు. మర్రిపాలెంలో సొంతిల్లు కట్టుకుని, పిల్లల పెళ్లిళ్లు కూడా అక్కడే చేసిన పెద్దాయన్ని అడిగి చూడండి. ‘ఉండేది ఇక్కడే. మాది పలాస దగ్గర’ అంటాడు. విశాఖ నిండా ఇలాంటివాళ్లే. 1933లో హార్బరు తెరుచుకుంది, 1941లో సింధియా షిప్‌యార్డుకు పునాది పడింది, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, ఆ తరవాత ఉక్కు ఫ్యాక్టరీ. ఒక్కొక్కటీ ఒక్కో విడత జనాన్ని శ్రీకాకుళం నుంచీ, విజయనగరం నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ లాక్కొచ్చింది. వాళ్లందరికీ ‘ఉండేది’ ఒక ఊరు, ‘మాది’ ఇంకో ఊరు. సంక్రాంతి ముందు ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఎక్కే జనమంతా ‘ఉండేది’ నుంచి ‘మాది’కి వెళ్లేవాళ్లే.

ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు మై, మైన్, యువర్, హిజ్ అనే మాటలతో వచ్చే పలుకుబళ్ల పట్టిక ఒకటి ఇస్తారు. రుషికొండ చుట్టుపక్కల కాలేజీల్లో, ఐటీ కొండ మీది ఆఫీసుల్లో అవి ధారాళంగా వినబడతాయి. మైండ్ యువర్ ఓన్ బిజినెస్, ఓవర్ మై డెడ్ బాడీ, మై ఫుట్. అదే పిల్లలు కోపం ముదిరితే ‘నీ సంగతి తేలుస్తా’, ‘వాడి పని పడతా’ అనే తెలుగులోకి దిగిపోతారు. మనకూ అలాంటి పట్టిక ఉంది, పైగా పెద్దది. ఎవరూ రాసి చేతికివ్వలేదు కాబట్టి ఉందని గుర్తుండదు. తేడా ఒక్కటే. ఇంగ్లీషు ‘మై’ ఈ వస్తువు ఎవరిదో చెబుతుంది. తెలుగు ‘మా’, ‘మన’ మాత్రం వస్తువు సంగతి ఆనక చూసుకుందాం, ముందు మీరు ఎటు నిలబడ్డారో చూసుకోండి అంటాయి.

మా ఆయన ఎందరికి?

తెలుగు కొత్తగా నేర్చుకునే పరాయి రాష్ట్రం వాళ్లకు ఇది పెద్ద వింత. ఒకావిడ ‘మా ఆయన’ అంటుంది. ఆయన ఆవిడ ఒక్కదానికే భర్త. మరి ఆ ‘మా’లో ఇంకెవరున్నారు? ‘మా ఆవిడ’ అనే మగవాడి దగ్గరా అదే చిక్కు. ‘మా ఆవిడ మీద ఒట్టు మీ ఆవిడ చాలా మంచిది’ అని ఏకంగా ఒక సినిమాకే పేరు పెట్టారు. ఆ పేరును మాటకు మాట ఇంగ్లీషులోకి మారిస్తే కుటుంబ కలహం ఖాయం.

ఆ ‘మా’లో ఉన్నది ఇల్లు. అమ్మా నాన్నా, మొగుడూ పెళ్లాం, పిల్లలూ, ఊరూ, వాకిలీ, ఆఖరికి పెరట్లో గేదె, ఇవేవీ ఒక్కరి సొత్తుగా చెప్పుకోవడం తెలుగులో మర్యాద కాదు. ఒక్కడే కొడుకైనా ‘మా అమ్మ’ అంటాడు. ‘మా అబ్బాయి’ అంటారు. ఉత్తరాంధ్ర పల్లెలో ‘మా గుంటడు’ అంటారు. ‘నా భార్య’ అనే మాట ఎక్కువగా అఫిడవిట్లలో, పాస్‌పోర్టు దరఖాస్తుల్లో కనిపిస్తుంది. పక్కింటివాడు ‘నా భార్య’ అన్నాడంటే ఏదో గంభీరమైన విషయం చెప్పబోతున్నాడని అర్థం.

ఈ ‘మా’ ఉద్యోగాల్లోకీ పాకింది. కంపెనీలో ఒక్క షేరు లేనివాడు కూడా ‘మా కంపెనీ’ అంటాడు. ఉక్కునగరంలో ‘మా ప్లాంటు’ అంటారు, రిటైరయ్యాక కూడా.

అమెరికాలోనో, అంతదూరం దేనికి, మధురవాడ అపార్టుమెంట్లలోనో ఇంగ్లీషే ముందు నోటికొచ్చిన పిల్లలు ‘నా అమ్మ’ అంటారు. తప్పని చెప్పలేం, అర్థమూ చెడలేదు. కానీ వినగానే అమ్మమ్మలు ఉలిక్కిపడతారు. మరికొందరు పిల్లలు స్నేహితుడితో ‘మన అమ్మ పిలుస్తోంది’ అంటారు. ఆ స్నేహితుడు ఒక్క దెబ్బతో తమ్ముడైపోయాడు! కాలిఫోర్నియాలో 2007లో సిలికానాంధ్ర వాళ్లు పిల్లలకు తెలుగు నేర్పే బడి మొదలుపెట్టి దానికి ‘మనబడి’ అని పేరు పెట్టారు. ఆ పేరులోని మొదటి రెండక్షరాలే అక్కడ చేరే పిల్లలకు కష్టమైన పాఠాల్లో ఒకటి కావడం తమాషాగానే ఉంది.

మేం వెళ్తున్నాం, మనం వెళ్తున్నాం

‘మనం రుషికొండ వెళ్తున్నాం’ అంటే మీరు చెప్పులు వేసుకోవచ్చు. ‘మేం రుషికొండ వెళ్తున్నాం’ అంటే మీరు ఇంట్లో ఉండొచ్చు. ఇంగ్లీషు ‘వియ్’కీ, హిందీ ‘హమ్’కీ ఈ తేడా తెలియదు. తమిళం, మలయాళం దీన్ని నిలబెట్టుకున్నాయి. నేటి కన్నడం పోగొట్టుకుంది. అందుకే బెంగళూరులో అన్నిటికీ ఒకటే ‘నమ్మ’. మరాఠీ, గుజరాతీల్లో మాత్రం ఉంది. అది ద్రావిడ భాషల సావాసం వల్ల అబ్బిందని భాషాశాస్త్రవేత్తలు భావిస్తారు.

ఈ తేడా ఎంత పెద్దదో ఊహించాలంటే విశాఖ చరిత్రలోనే ఒక సందర్భం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డీ గ్రాంజ్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో సువార్తలను తెలుగులోకి మార్చే పనికి పూనుకున్నారు. ఇద్దరూ కన్నుమూశాక గానీ అది అచ్చు కాలేదు. వాళ్ల తెలుగు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి.

ఇంగ్లీషులో క్రైస్తవులు రోజూ చేసే ప్రార్థన ‘అవర్’ అనే మాటతో మొదలవుతుంది. ఇంగ్లీషువాడికి అందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. తెలుగులోకి తెచ్చేవాడికి మాత్రం ఆ మొదటి మాట దగ్గరే పెన్ను ఆగుతుంది. ‘మన తండ్రీ’ అంటే, ఎవరితో మాట్లాడుతున్నామో ఆయన కూడా ‘మన’లో కలిసిపోతాడు. అప్పుడు దేవుడు తనకు తానే కొడుకవుతాడు! కాబట్టి అక్కడ ‘మా’ పడి తీరాలి. అదే భక్తులు ఒకరితో ఒకరు చెప్పుకునేటప్పుడు ‘మన ప్రభువు’ అవుతాడు, ఎందుకంటే అప్పుడు వినేవాడూ ఆ గుంపులోని వాడే. ఈరోజు రాస్ హిల్ చర్చిలో గానీ ఇంకెక్కడ గానీ తెలుగు ప్రార్థన వింటే, దేవుడివైపు తిరిగినప్పుడు ‘మా’, తోటివారివైపు తిరిగినప్పుడు ‘మన’ ఠంచనుగా మారుతుంటాయి. మూలగ్రంథం గ్రీకు. అందులోనూ ఈ భేదం లేదు. ఎటు తిరిగి మాట్లాడుతున్నామో చెప్పకుండా తెలుగు ఒప్పుకోదు కాబట్టి, తెచ్చినవాళ్లు తేల్చుకోక తప్పలేదు.

పనిలో పనిగా ఇంకోటి. ‘మా తెలుగు తల్లికి’ అనే రాష్ట్రగీతం శంకరంబాడి సుందరాచారి రాసింది, 1942లో దీనబంధు సినిమా కోసం. అదెందుకు ‘మన’ కాలేదు? అందరం తెలుగువాళ్లమే కదా? పాట పాడేది లోకానికి వినబడేలాగ అనుకుంటే ‘మా’యే సరైనది. సభలో ఒకరికొకరం చెప్పుకునేదైతే ‘మన’ కావలసింది. నాకు మొదటి లెక్కే నచ్చుతుంది.

ప్రభుత్వ పథకాల పేర్లు పెట్టేవాళ్లకు మాత్రం ‘మన’ మీదే మోజు. ‘మనబడి నాడు-నేడు’, ‘మన ఊరు – మన బడి’, ఇప్పుడు వాట్సాప్‌లో ‘మన మిత్ర’. ‘మా బడి’ అని ఏ ప్రభుత్వమైనా బోర్డు పెడితే జనం బయటే నిలబడిపోతారని వాళ్లకు తెలుసు.

మనోడే

‘మన’కు ఇంకో ముఖం కూడా ఉంది, అది అంత అందమైనది కాదు. ‘మనవాళ్లేనా?’ అని గొంతు తగ్గించి అడిగితే ఊరి గురించి కాదు, కులం గురించి. అద్దె ఇంటికి వెళ్లినవాళ్లందరికీ ఈ ప్రశ్న ఎరుకే. పక్కవాణ్ణి కలుపుకోవడానికి పుట్టిన మాట తలుపు గడియగా కూడా పనిచేస్తుంది. విజయనగరంలో కూర్చుని కన్యాశుల్కం రాసిన గురజాడ గిరీశం నోట పలికించిన అందరికీ తెలిసిన చమత్కారం ఒకటి ఉంది. అదీ ‘మన’తోనే మొదలవుతుంది. తిట్టేటప్పుడు కూడా తనను కలుపుకుని తిడుతున్నట్టు కనిపించడం గిరీశం గడుసుతనం.

ఇక సరదా ‘మన’ ఒకటుంది. ‘బిల్లు మనదే’, ‘మనకి అలాంటివి పడవు’ అనే కుర్రాడి ‘మన’లో ఉన్నది ఒక్కడే, అతనే. జగదాంబ దగ్గర ఆటోవాలా ‘ఎక్కండి సార్, మనదే బండి’ అంటే బండిలో మీకు వాటా ఇచ్చినట్టు కాదు. బేరం మాత్రం కొంచెం మెత్తబడుతుంది.

ఆంధ్రుల హక్కు

విశాఖలో పుట్టిన నినాదాల్లో ఇంతకన్నా పేరున్నది లేదు: ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’. ఉక్కు ఫ్యాక్టరీ కావాలని 1966 అక్టోబరులో టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న ఊళ్లో పోలీసు కాల్పులు జరిగాయి. ఉద్యమం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 2021 జనవరిలో ప్లాంటును నూటికి నూరుపాళ్లూ అమ్మే ప్రతిపాదనకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకోగానే, అదే నినాదం దుమ్ము దులుపుకుని మళ్లీ కూర్మన్నపాలెం రోడ్డెక్కింది.

ఆ నాలుగు మాటల్లో క్రియ లేదు, గమనించారా? ఇంగ్లీషులోకి మారిస్తే ఒక ‘ఈజ్’ తెచ్చి అతికించాల్సిందే. ‘మా’ లేదు, ‘మన’ లేదు. ఢిల్లీ వైపు తిరిగి అరిస్తే ‘మా హక్కు’ కావాలి. ఊరేగింపులో పక్కవాడితో అంటే ‘మన హక్కు’ కావాలి. ‘ఆంధ్రుల’ అనడంతో ఎటు తిరిగి అన్నా సరిపోయింది. నినాదం రాయడమంటే ఇదీ.

ఇక రుషికొండ మీది భవనాల గొడవ. పర్యాటకశాఖ పాత రిసార్టును కూల్చి ఆ కొండ మీద కట్టినవి ‘ఎవరివి, ఎవరి కోసం’ అని 2024 ఎన్నికల ముందూ వెనకా రాష్ట్రమంతా వాదించుకుంది. ఆ వాదన జోలికి ఈ శీర్షిక పోదు. ప్రశ్న మొత్తం ఒక్క షష్ఠీ విభక్తి చుట్టూ తిరిగిందని మాత్రం చెప్పి ఊరుకుంటుంది.

రుషి యొక్క కొండ

షష్ఠి అంటే గుర్తొచ్చింది. బళ్లో అందరం వల్లెవేశాం: కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్. అయితే బీచ్‌రోడ్డులో ఏ షేర్ ఆటోవాడైనా ‘రుషి యొక్క కొండ, రుషి యొక్క కొండ’ అని పిలవగా విన్నామా? రుషి పక్కన కొండ పెడితే కొండ రుషిదైపోతుంది. గుర్తు అక్కర్లేదు, చుక్క అక్కర్లేదు. కొన్ని మాటలు మాత్రం కాస్త వేషం మార్చుకుంటాయి. ఇల్లు ఇంటిపన్ను అవుతుంది, ఏరు ఏటిగట్టు అవుతుంది, కాలు కాలినడక అవుతుంది, నేయి నేతిబొట్టు అవుతుంది. ఈ ఇ, టి, తి అక్షరాలకు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలని బరువైన పేరుంది. పేరు తెలియని ముసలమ్మ కూడా ‘ఇల్లు పన్ను’ అనదు.

మరి ‘యొక్క’ బతికింది ఎక్కడ? పద్యాలకు ప్రతిపదార్థాలు రాసే పరీక్ష పేపర్లలో, మతగ్రంథాల అనువాదాల్లో, రైల్వే స్టేషన్ మైకులో. ‘మీ యొక్క సామాన్లు’ అని మైకు చెబుతుంటే, సామాన్లు మనవేనా అని ఒకసారి తడుముకోబుద్ధేస్తుంది.

కడుగు, కడుక్కో

ఇంగ్లీషుకు ‘యువర్’ లేకుండా చేతులు కడగడం రాదు. వాష్ యువర్ హ్యాండ్స్. కాలు విరిగినా ‘హిజ్’ కాలే విరగాలి, మనసు మారినా ‘హర్’ మనసే మారాలి. తెలుగులో ‘చేతులు కడుక్కో’ అంటే చాలు. ఎవరి చేతులు? ఆ సంగతి క్రియ చివర ఉన్న ‘కో’ చూసుకుంటుంది. ‘తల దువ్వింది’ అంటే పిల్లకి. ‘తల దువ్వుకుంది’ అంటే తనకే. ‘వండాడు’ అంటే పదిమందికి కావచ్చు, ‘వండుకున్నాడు’ అంటే పాపం ఒంటరివాడు. ‘నవ్వాడు’ అంటే అందరికీ వినబడింది, ‘నవ్వుకున్నాడు’ అంటే లోపల్లోపలే.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘అన్నాడు, అనుకున్నాడు’ జత. నోటితో పైకి చెబితే అనడం, తనకు తానే చెప్పుకుంటే అనుకోవడం. ఆలోచనకు తెలుగు పెట్టుకున్న పేరు అదే, తనతో తాను మాట్లాడుకోవడం. అందుకే ‘మీ చేతులను శుభ్రపరచండి’ అనే గోడమీది రాతలు చూస్తే చిరాకు. అక్కడ ‘మీ’ ఎక్కువైంది, ‘కో’ తక్కువైంది.

‘తన’ చేసే మేలు కూడా చిన్నది కాదు. ‘సూర్యం తన బండి అమ్మేశాడు’ అంటే గొడవ లేదు. ‘సూర్యం అతని బండి అమ్మేశాడు’ అంటే పోలీసు కేసు. ఇంగ్లీషు ‘హిజ్’తో ఈ రెండూ ఒకటే అయిపోతాయి. అయితే ఈమధ్య కుర్రకారు ‘తన నంబరుందా?’, ‘తను రాలేదా?’ అని మూడో మనిషికి వాడేస్తున్నారు. అతనా, ఆమా, ఆవిడా, అదా, ఎంత మర్యాద ఇవ్వాలి అనే తలనొప్పి లేకుండా. సౌకర్యం ఒప్పుకోవలసిందే, అందులోని కొంటెతనమూ నచ్చుతుంది. కానీ సూర్యం బండి కేసు మళ్లీ తెరుచుకుంటుంది.

నీ ఇల్లు బంగారం కానూ

తిట్లలో ‘నీ’ లేనిదే పని జరగదు. నీ బొంద, నీ మొహం, నీ తలకాయ, నీ పిండాకూడు, నీ దుంప తెగ, నీ జిమ్మడ, నీ అసాధ్యం కూలా. అదే వరసలో అచ్చం తిట్టులాగే పళ్లు కొరుకుతూ అనే ‘నీ ఇల్లు బంగారం కానూ’ ఉంది. తిట్టబోయి నాలుక చివర దీవెనగా తిప్పేసిన మాట. ‘నీ కడుపు చల్లగుండ’, ‘నీ నోట్లో చక్కెర పొయ్య’ మాత్రం నిఖార్సైన దీవెనలు. ‘నీ పుణ్యమా అని’ మాత్రం జాగ్రత్తగా వినాలి. ‘నీ పుణ్యమా అని ఉద్యోగం వచ్చింది’ అంటే దండం, ‘నీ పుణ్యమా అని రైలు తప్పిపోయింది’ అంటే దెప్పు.

ఇక ‘ది’ చేరినవి: మీదే ఆలస్యం. నాదీ పూచీ. వాడిదే రాజ్యం. ఆవిడదే పైచేయి. నాదీ అదే మాట. మాదేముంది లెండి. వీటిలో ఏ ఒక్కదాన్నీ ‘మైన్’, ‘యువర్స్’ పెట్టి ఇంగ్లీషు చేయడం కుదరదు. ‘నా పని అయిపోయింది’ అంటే ఇంగ్లీషు లెక్కన ఇంటికెళ్లిపోవచ్చు. తెలుగులో గొంతును బట్టి ఆసుపత్రికైనా వెళ్లాలి.

నాలుక ఎప్పుడు కరుచుకోవాలి?

ఇంగ్లీషువాడు తన నాలుక కరుచుకుంటే మాట పైకి రాకుండా ఆపుకున్నాడని. తెలుగువాడు నాలుక కరుచుకుంటే మాట అప్పటికే జారిపోయిందని! బొమ్మ ఒకటే, కాలం మారింది. ఇంగ్లీషులో కాలు లాగితే వేళాకోళం, తెలుగులో కాళ్లు లాగితే పైకెక్కేవాణ్ణి కిందికి దించడం. ‘తన కాళ్ల మీద తను నిలబడటం’, ‘తన గొయ్యి తానే తవ్వుకోవడం’ మటుకు రెండు చోట్లా ఒకేలా ఉన్నాయి.

‘మైండ్ యువర్ బిజినెస్’ అనే మాటను అమెరికా ప్రభుత్వం ఒకసారి నాణెం మీద కొట్టించింది. 1787 నాటి ఫ్యూజియో సెంటు అది. ఆ మాట బెంజమిన్ ఫ్రాంక్లిన్‌దని చెబుతారు. పక్కింటి సంగతి నీకెందుకు అనే విసురు కాదు, నీ వ్యాపారం శ్రద్ధగా చూసుకో అనే హితవుగా దాన్ని చదువుతారు. మన కేంద్ర ప్రభుత్వం ‘నీ పని నువ్వు చూసుకో’ అని రూపాయి బిళ్ల మీద వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంగ్లీషులో ‘ఇట్స్’ అనే షష్ఠి చాలా కుర్రది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు మొదటి ముద్రణలో అది లేదు. చెట్టుకైనా ‘హిజ్’ అనే వాడేవారు. నెడ్, నెల్, నాన్ అనే ముద్దుపేర్ల ముందున్న ‘న’కారం ‘మైన్’ అనే మాట తోక. మైన్ ఎడ్, మైన్ ఎల్, మైన్ ఆన్ అని పిలిచి పిలిచి ‘నాది’ అనే ముక్క పేరుకే అంటుకుపోయింది.

మేడమ్ గారిలో దాక్కున్న ‘నా’

స్కూలు టీచరు నుంచి కలెక్టరు దాకా అందరినీ ‘మేడమ్’ అంటాం. అది ఫ్రెంచి ‘మా దామ్’. ఫ్రెంచిలో ‘మా’ అంటే ‘నా’. మొత్తం మాటకు ‘నా దొరసాని’ అని అర్థం. ‘మా మేడమ్ గారు’ అంటే లెక్కకు ‘మా నా దొరసాని గారు’! ఫ్రెంచివారి ‘మాన్సియర్’ కూడా ‘నా దొర’. యూదుల ‘రబ్బీ’ అంటే ‘నా గురువు’. అరబ్బీ ‘మౌలానా’ అంటే ‘మా ఏలిక’. కోర్టుల్లో ‘మై లార్డ్’ బానిసకాలపు మాటని 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాని బదులు ‘యువర్ ఆనర్’ అనమంది. ‘నా’ పోయి ‘మీ’ వచ్చింది. చాలామంది లాయర్లకు పాత అలవాటు ఇంకా పోలేదు.

మన ‘స్వామి’లోనూ ఇదే కథ. ‘స్వ’ అంటే తనది, అది గలవాడు స్వామి. సింహాచలం వెళ్లే భక్తులు ఆ స్వామినే తిరగేసి ‘మా అప్పన్న’ చేసేసుకున్నారు. సంస్కృతంలో ‘మమ’ అంటే ‘నాది’. దానికి ‘త’ చేరిస్తే మమత, ‘కారం’ చేరిస్తే మమకారం. ‘నాది నాది’ అనుకోవడమే ప్రేమ అన్నమాట. వేదాంతులు అందుకే దాన్ని వదిలించుకోమన్నారు. తెలుగువాళ్లు ఆ సలహా పక్కన పెట్టి ఆడపిల్లలకు మమత అని పేరు పెట్టుకున్నారు.

ఉత్తరం చివర ‘భవదీయుడు’ రాసేవాళ్లు తగ్గిపోయారు గానీ, అది ‘మీవాడు’ అనే చిన్న మాటకు వేసిన పట్టుపంచె. ఇంగ్లీషు ‘యువర్స్’కు అంత దగ్గరగా సరిపోయే జోడీ మళ్లీ దొరకదు.

ఇదే కుటుంబంలో ‘అస్మదీయులు’ ఉంది, మావాళ్లని అర్థం. దానికి ఎదురుమాట వ్యాకరణ ప్రకారం ‘తదీయులు’ వగైరా కావాలి. కానీ 1957లో వచ్చిన మాయాబజార్ కోసం పింగళి నాగేంద్రరావు ‘తస్మదీయులు’ అని ఒక మాట పుట్టించారు. సంస్కృతంలో అలాంటి మాట లేదు. ఆ సినిమా చూసినవాళ్లెవరికీ అర్థం అడగాల్సిన అవసరం పడలేదు. పింగళి పుట్టింది రాజాంలో, అదీ ఉత్తరాంధ్ర ఊరే. అరవై ఏళ్లు దాటినా ఏ ప్రభుత్వం మారినా మర్నాటి పత్రికల్లో అస్మదీయులకు పదవులు, తస్మదీయులకు బదిలీలు అని శీర్షికలు పడుతూనే ఉంటాయి. ఆ రెండో మాటకు సంధి ఎలా విడదీయాలని ఏ విలేకరీ ఇంతవరకు అడగలేదు.